చిన్నది ఒప్పుకోవాలి

విదియ

డాక్టర్ హఫీజా నా చేతిలో నాలుగు తెల్ల కాగితాలు, ఒక పెన్సిలు పెట్టి, "రోజూ ఏదో ఒకటి రాయండి ఇందుమతిగారూ. చేత్తోనే రాయాలి. అద్దం దగ్గర మాత్రం కూర్చోకండి. చిన్నదాని కంటపడిందంటే ఇది కూడా పని కింద జమ వేస్తుంది" అంది. అందుకని పెరట్లో కూర్చుని రాస్తున్నాను. చెయ్యి వణుకుతోంది. నా అక్షరాలు చూసి నాకే జాలేస్తోంది.

మొన్న పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయాను. లేచాక కాసేపు నా పేరు గుర్తు రాలేదు. వంటింట్లో ఎవరో ముసలావిడ కూరగాయలు తరుగుతోంది, ఈవిడెవరా అనుకున్నాను. ఆవిడ మా అమ్మ. అంత భయం నాకు ఎన్నడూ వేయలేదు.

హఫీజా పరీక్షలన్నీ చేసింది. "జబ్బేమీ లేదు. ఇద్దరి పని ఒక ఒళ్ళు మోస్తోంది, అంతే. పూర్తిగా అరిగిపోయారు. ఇప్పుడే ఆపెయ్యాలి. ఇంకోసారి పడితే లేస్తారని నేను చెప్పలేను" అంది. మొహమాటం లేని మనిషి. ఆపెయ్యమని చెప్పింది గానీ ఎలా ఆపాలో చెప్పలేదు మహాతల్లి.

చవితి

మా ఇంట్లో ఎలా తెల్లారుతుందో రాస్తాను.

అయిదింటికి హాల్లో అద్దం వెలుగుతుంది. అందులో చిన్నది నవ్వుతూ ఉంటుంది. చిన్నదంటే నేనే, ఇరవై ఒకటో ఏట తీయించిన నా నకలు. రెండు జడలు, నున్నటి మొహం. రాత్రంతా పని చేసి ఉంటుంది. కట్టపాలెం నుంచి దక్షిణాన సముద్రం గోడకున్న తలుపులన్నీ మా ఇద్దరి బాధ్యత. పోటుకి ముందే మూయాలి, పాటుకి తెరవాలి. ఎక్కడ తుప్పు పట్టింది, ఎక్కడ బుంగ పడింది, ఏ ఊరివాళ్ళు మురుగు కాలవ కోసం కొట్టుకుంటున్నారు, అన్నీ చూడాలి. రాత్రి అది చేసిందంతా పొద్దున నాకు అప్పగిస్తుంది. నేను విని, ఒక్కొక్కదానికీ అద్దం మీద అరచెయ్యి ఆనించాలి. ఎందుకంటే రేపు తప్పు జరిగితే జైల్లో కూర్చోవడానికి ఒళ్ళు కావాలి కదా, అది నా దగ్గరే ఉంది.

దానికి నిద్ర లేదు, నడుంనొప్పి లేదు. ఏటేటా నేర్చుకుంటూనే ఉంది, ఏటేటా అప్పగింత పెరుగుతూనే ఉంది. అది ముగిసేసరికి నా పగటి డ్యూటీ మొదలవుతుంది.

అమ్మకి అదంటే ప్రాణం. రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని దాని ఎదురుగా కూర్చుంటుంది. "చూడవే, ఎంత కళగా ఉందో! నువ్వూ ఉన్నావు ఎందుకు, ఎప్పుడు చూసినా ఏడుపు మొహం" అంది ఇవాళ కూడా.

"అమ్మా, అది నేనేగా" అన్నాను.

"నువ్వేలే, ఎవరు కాదన్నారు" అని మళ్ళీ అద్దం వైపే తిరిగింది.

అప్పుడు చిన్నది మెల్లగా చెప్పింది. నకళ్ళన్నీ తమ అసలు మనుషుల్ని అక్కా, అన్నా అనే పిలుస్తాయి. "అక్కా, ఒక శుభవార్త. గోడ సంస్థ వాళ్ళు పై కుర్చీ ఇస్తామన్నారు. తీరం మొత్తం మనదే. రాత్రే ఒప్పేసుకున్నాను. పౌర్ణమికి ప్రమాణం."

అమ్మ కాఫీ ఒలకబోసుకుంది, సంతోషంతో. పై కుర్చీ అంటే సముద్రంలో కట్టిన బురుజులో ఏడేళ్ళు ఉండాలి. సెలవుండదు. అప్పగింత రోజుకి మూడు పూటలా ఉంటుంది. ఇంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన బయటికి వచ్చాక సొంత చెప్పులు ఏవో గుర్తుపట్టలేకపోయాడు. ఆయనకి ఘనంగా సన్మానం చేశారు.

"నన్ను అడగలేదేం?" అన్నాను.

"అడగడమేంటక్కా? మనం కోరుకుంది ఇదేగా!" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది పాపం.

షష్ఠి

నకళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నదీ నకలే. అసలు మనిషి ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉన్నాడట.

"నా నకలు ఇచ్చిన మాట రద్దు చేసుకోవాలి" అన్నాను.

"నకలు ఒప్పుకుంటే మనిషి ఒప్పుకున్నట్టే మేడం."

"అయితే నకలునే విడుదల చేస్తాను."

"విడుదలకి ఇద్దరూ ఒప్పుకోవాలి. మా మనిషి ముందు, ఇద్దరూ నోటితో చెప్పాలి. మీరొక్కరూ చెబితే చెల్లదు."

"ఇంతవరకూ ఏ నకలైనా ఒప్పుకుందా?"

తెర మీద కుర్రమొహం అడ్డంగా ఊగింది. "లేదు మేడం. మాకు విద్య పెరుగుతుంది గానీ స్వభావం మారదు. ఏ కసితో తీశారో ఆ కసితోనే ఉంటాం."

ప్రమాణానికి రాకపోతే ఏమవుతుందని అడిగాను. సంస్థ వాళ్ళే వచ్చి తీసుకెళతారట. మర్యాదగానే, దండ వేసి, బాజాలు పెట్టి. గుమ్మంలో పడిపోయి ఉన్నా సరే, దండ వేశాకే లేపుతారు. ఇది చూశాను కాబట్టే రాస్తున్నాను.

ఇంటికొచ్చి చిన్నదాన్ని బతిమాలాను. చేతులు జోడించాను. నా జడల పిల్లకి నేనే దండం పెట్టడం ఏం కర్మో! "నా వల్ల కావడం లేదు, వదిలెయ్యవే" అన్నాను.

"అలిసిపోయావు, అంతే. ఇంకొక్కటి అక్కా. ఇదొక్కటి కొట్టామంటే ఇక మనల్ని ఎవరూ ఏమీ అనలేరు" అంది.

ఎవరు ఏమంటున్నారే నన్ను, అని అడగబోయాను. పై కుర్చీ వార్త విని వచ్చిన వీధి వాళ్ళంతా అప్పటికే మిఠాయిలతో గుమ్మంలో ఉన్నారు. నోరు మూసుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

అష్టమి

ఇవాళ మా అన్నయ్య కూతురు మంజరికి కసి పెట్టారు.

ఇదొక వేడుక మాకు. నకలు తీసే రోజున పిల్లకి తిండి పెట్టరు. నెత్తిన యంత్రం టోపీ పెట్టి పీట మీద కూర్చోబెడతారు. బంధువులు ఒక్కొక్కరే ఎదురుగా కూర్చుని ఒక్కో మాట అంటారు, సూటిగా, గుచ్చుకునేలా. ఆ మంట అలాగే ఉండగా నకలు తీస్తే అది జన్మంతా పరిగెడుతుందని నమ్మకం. వెనక వంటలు ఘుమఘుమలాడుతూ ఉంటాయి. పిల్ల తప్ప అందరూ తింటారు.

పెద్దమామయ్య కూర్చుని, "ఎదురింటి పిల్ల నీకన్నా చిన్నది, పడవల కంపెనీ నడుపుతోంది. నీ మొహానికి అంత సీనుందా?" అన్నాడు. అందరూ సెబాసన్నారు. మా వదిన చెల్లెలు, "అందం ఎటూ లేదు, తెలివైనా ఉంటుందేమో అనుకున్నాం" అంది. కన్నతండ్రి, మా అన్నయ్య, "నీ కోసం పెట్టిన ఖర్చుకి రెండు గేదెల్ని కొనుంటే పాలైనా ఇచ్చేవి" అన్నాడు. మంజరి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గుడ్లప్పగించి వింటోంది. ఏడవకూడదు, ఏడిస్తే కసి కారిపోతుందంటారు.

ఆఖరి మాట ఇంట్లో అందరికన్నా పైకొచ్చిన మనిషిది. అంటే నాది. అమ్మ నాకు ముందే రెండు మూడు మాటలు నేర్పించి తీసుకొచ్చింది. చాలా ఘాటైనవి. పీట ఎదురుగా కూర్చున్నాను. ఆ పిల్ల కళ్ళలోకి చూశాను. నేర్చుకున్నవన్నీ మర్చిపోయాను.

"అన్నం తిన్నావా అమ్మా?" అన్నాను.

అంతే. పిల్ల బావురుమంది. మంజరికి టోపీ పెట్టిన కుర్రాడు కంగారుపడి, "మేడం, అదే మీ మాటా? యంత్రం తీసేసుకుంది!" అన్నాడు. పెద్దమామయ్య చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చి వదిలేశాడు.

నవమి

మంజరి నకలు అద్దంలోకి వచ్చిందట. కనబడ్డవాళ్ళనందరినీ అన్నం తిన్నారా అని అడుగుతోందట. ఏ సంస్థా తీసుకోనంది. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. మంజరి మాత్రం దొంగచాటుగా కబురు పంపింది, అది మంచి పిల్ల అత్తా అని.

అమ్మ పొద్దున్నుంచీ గిన్నెలు ఎత్తి పడేస్తోంది. "నీకు కసి పెట్టిన్నాడు మేమూ ఇట్టాగే చేసుంటే నువ్వు ఇంతదానివయ్యేదానివా? దాని బతుకు చెడగొట్టావు కదే!"

"నన్ను నువ్వేం అన్నావమ్మా ఆ రోజు?"

"ఏమో, ఎవరికి గుర్తు? అందరూ అన్నట్టే నేనూ ఏదో అనుంటాను."

నాకూ గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు. ఆ రోజు నీరసం, వంకాయ కూర వాసన, అంతే గుర్తున్నాయి. చిన్నదాన్ని అడిగాను.

ఆలోచించుకోవాల్సిన పనే లేకపోయింది దానికి. "'నా కడుపున పుట్టి నువ్వూ నాలాగే మిగిలిపోతావే' అంది" అని చెప్పింది. నాకది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. దానికి ఇవాళ పొద్దున అన్న మాట. రోజూ పొద్దున అన్న మాటే.

"అమ్మ ఇప్పుడు నిన్ను బంగారం అంటోంది కదే" అన్నాను.

"అంటోంది. కానీ ఆ మాట తీసెయ్యలేదుగా అక్కా."

ఏకాదశి

అమ్మకి చెప్పాను. ముందు నవ్వింది. "నేనా? అట్టా అన్నానా? అది ఆచారమే తల్లీ, కడుపులోంచి వచ్చిన మాట కాదు." తర్వాత కోపం వచ్చింది. "నీకు చాతకాక నా మీద తోస్తున్నావా? నేను ఇడ్లీ బండి తోసి నిన్ను చదివించా. ఇప్పుడు నోటికాడి కుర్చీ వద్దంటావా? జనం మొహాన ఉమ్మెయ్యరూ?"

"జనం సంగతి తర్వాత. నేను చచ్చిపోతానేమో అమ్మా" అన్నాను.

"నోరు మంచిది కాదు, అట్టాంటి మాటలు వాగమాక" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుర్చీ వేడుకకి పిండివంటలు మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. వయసొచ్చిన మనిషిని, తీరంలో సగం తలుపులు నా చెయ్యి ఆనితే గానీ కదలవు, మా అమ్మ అరిసెల పాకం చూసి ఏడ్చాను.

త్రయోదశి

నిన్న మళ్ళీ పడ్డాను. ఇవాళే రాయగలుగుతున్నాను.

అప్పగింత మధ్యలో జరిగింది. చిన్నది చెబుతూనే ఉంది, నేను చెయ్యి ఆనిస్తూనే ఉన్నాను, ఏం వింటున్నానో తెలియడం లేదు. అమ్మ దాని ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతోంది. తర్వాత నేల మీద ఉన్నాను. అమ్మ నన్ను లేపబోయింది. అప్పుడు తను అన్న మాట నాకు లీలగా వినిపించింది. "ఇదేందిది, ఒంట్లో బరువే లేదు" అంది.

అద్దంలోంచి చిన్నది, "అమ్మా, అక్క చెయ్యి కాస్త అద్దానికి ఆనించవా? ఇంకా మూడు తలుపులు మిగిలిపోయాయి" అంది.

పాపం, దానిలో దుర్మార్గం ఏమీ లేదు. పోటు వస్తోంది, తలుపులు మూయాలి. కానీ అమ్మ అలాగే ఉండిపోయింది. నా చెయ్యి తన చేతిలో ఉంది, అద్దం చూస్తే బారెడు దూరంలో ఉంది. చివరికి ఆనించింది, ఊళ్ళు మునుగుతాయి కదా మరి. మూడు తలుపులూ మూసుకున్నాక నా చేతిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఒత్తుతూ కూర్చుంది.

హఫీజా వచ్చి చూసి, అమ్మని పక్కకి పిలిచి ఏదో చెప్పింది. సాయంత్రానికి అరిసెల పిండి గంప కనబడలేదు. పక్కింటికి ఇచ్చేసిందట.

చతుర్దశి

పొద్దున నేను లేచేసరికి అమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని అద్దం ఎదురుగా కూర్చుని ఉంది. విడుదల కోసం ఆఫీసు మనిషిని తనే పిలిపించింది. అదే కౌంటర్ కుర్రాడు, అద్దంలో ఒక మూలన కనబడుతున్నాడు.

"చిన్నదానా, నేను నీకు ఒక మాట అన్నానంట" అంది అమ్మ.

చిన్నది బిగుసుకుపోయింది. "అవును."

"అది తప్పు మాట కాదు. అబద్ధం మాట." అమ్మ పమిట కొంగు వేలికి చుట్టుకుంటోంది. "నాలాగే మిగిలిపోతావన్నా. మిగిలిపోవడమంటే ఏందో చెబుతా విను. తెల్లారి పిండి రుబ్బుకునేదాన్ని. బస్టాండు కాడ బండి పెట్టేదాన్ని. డ్రైవర్లు వచ్చి, అక్కా, నీ అల్లం చట్నీకి బస్సు ఆపేశాం అనేవాళ్ళు. పదకొండింటికల్లా గిన్నెలు ఖాళీ. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని పడుకుంటే మెలకువే వచ్చేది కాదు. నవ్వేదాన్నే. కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. నీకు గుర్తు లేదా?"

"గుర్తుంది" అంది చిన్నది మెల్లగా.

"నేను బాగానే బతికానే. ఆ సంగతి నాకే తెలీదు. ఊళ్ళోవాళ్ళు బండిది, బండిది అంటంటే నిజంగానే ఏదో లోటనుకున్నా. ఆ మంట నీ నెత్తిన పెట్టా. నువ్వు నాలాగా మిగిలినా నాకు సంతోషమే తల్లీ. ఏమీ కాకపోయినా సంతోషమే."

కుర్రాడు మూలన కదలకుండా వింటున్నాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

చిన్నది జడ కొసని వేలికి చుట్టుకుంది. తర్వాత, "మరి నేను ఎందుకు పరిగెత్తానమ్మా ఇన్నాళ్ళు?" అని అడిగింది.

"నేను తరిమాను కాబట్టి" అంది అమ్మ.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఏం చెయ్యొద్దు. కాసేపు నాతో కబుర్లు చెప్పు."

చెప్పుకున్నారు. బండి చక్రం ఊడిపోయి ఇడ్లీలన్నీ రోడ్డు మీద దొర్లిన రోజు గురించి, ఒక కండక్టరు చిల్లర బదులు జామకాయలు ఇచ్చిన రోజు గురించి. ఇద్దరూ నవ్వుతున్నారు. నేనూ ఆ బండి దగ్గరే పెరిగాను, నాకు అవేవీ గుర్తు లేవు. చిన్నదాంట్లో ఉన్నాయి. విడుదలైతే దానితోపాటే పోతాయి. ఆపెయ్యమందామని నోటి దాకా వచ్చింది. ఆపమంటే రేపు పౌర్ణమి. నోరు మూసుకున్నాను.

చివరికి ఆఫీసు కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరూ చెప్పాలి మేడం."

"ఒప్పుకుంటున్నాను" అన్నాను.

చిన్నది అమ్మనే చూస్తూ, "ఒప్పుకుంటున్నాను" అంది. నా వైపు ఒక్కసారైనా చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు.

అద్దం మామూలు అద్దమైపోయింది. అందులో ఒక ముసలావిడా, వెనక గోడకి ఆనుకుని నేనూ కనిపించాం. కుర్రాడు వెళ్ళిపోయే ముందు నన్ను ఒక మాట అడిగాడు. "మేడం, మా అన్న, అసలు మనిషి, మంచాన ఉన్నాడు. మీ అమ్మగారు ఒకసారి మా అమ్మతో మాట్లాడతారా?" అని.

బహుళ తదియ

పౌర్ణమికి దండలూ రాలేదు, బాజాలూ రాలేదు. పై కుర్చీ ఎవరికో ఇచ్చారు. ఉన్న ఉద్యోగం కూడా పోయింది. నకలు లేని మనిషికి తలుపులు అప్పగించరు. వీధిలో వాళ్ళు చావింటికి వచ్చినట్టు వచ్చి కూర్చుని వెళుతున్నారు. "అంత తెలివైన పిల్లని చేజేతులా..." అని ముక్కు మీద వేలేసుకుంటున్నారు. అన్నయ్య రాలేదు. మంజరి ఒక్కతే వచ్చి, నాలుగు ముద్దలు కలిపి పెట్టి వెళ్ళింది.

హాయిగా ఉందని రాయాలనే ఉంది. రాయలేను. ఇంకా అయిదింటికే మెలకువ వస్తోంది. పోటు ఎప్పుడో లెక్క తెలుసు, చెయ్యి దానంతటదే లేస్తోంది, ఆనించడానికి ఏమీ లేదు. సిగ్గేస్తోంది. ఎందుకో తెలీదు, ఏ తప్పూ చేయలేదు, అయినా సిగ్గేస్తోంది. పగలు నిద్రపోతున్నాను. లేచి మళ్ళీ నిద్రపోతున్నాను. చెయ్యి వణుకు మాత్రం తగ్గింది.

అమ్మ ఇన్ని రోజులూ నాతో మాట్లాడలేదు. కోపం కాదనుకుంటాను. అద్దం మీద తన పాత చీర కప్పింది. పొద్దున్నే అలవాటుగా కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడికి వెళ్ళి, నిలబడి, మళ్ళీ వంటింట్లోకి వచ్చేస్తోంది. చిన్నది అమ్మకి కూతురు. నేను ఏమవుతానో నాకు తెలియలేదు. ఆ మాటలన్నీ నా ఎదురుగానే అంది గానీ నాతో అనలేదు. గోడకి ఆనుకుని విన్నాను, అంతే.

ఇవాళ పొద్దున గ్లాసు పట్టుకుని అద్దం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, నేరుగా నా మంచం దగ్గరికి వచ్చింది. నా ఎదురుగా కూర్చుంది. నా మొహంలోకి చూసింది. కళ్ళు చికిలించుకుని దగ్గరికి వంగి, చెవి పక్కన జుట్టు వేలితో పైకి తీసింది.

"నీకు ఎప్పుడు నెరిసిందే జుట్టు?" అంది.

"చాలా ఏళ్ళయిందమ్మా."

"నాకు చెప్పలేదేం?"

"రోజూ నీ ఎదురుగానే తిరిగాను కదమ్మా" అన్నాను.

అమ్మ నా మొహం వంకే చూస్తూ కూర్చుంది.